వరద వచ్చిన నాడు: సర్కారు బాధ్యత, జనం కనికరం

ఈ సంవత్సరపు సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వమని కార్యవర్గంవారు మమ్మల్ని అడిగారు. అడిగినవారి మనసులో ఏముందో మాకు తెలుసు. చికాకోల్ సర్కారు, ఫౌజుదార్ల పరిపాలన, షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, గుల్షనాబాద్ అనే పాత పేరు... ఇవన్నీ మన పిల్లలకు తెలియవలసినవే, కాదనం. కాని చరిత్ర అంటే ఎప్పుడూ కట్టినవాళ్ళ కథేనా? కూలిపోయినదాని కథ కూడా చరిత్రే గదా. అంచేత ఈసారి మసీదును వదిలి, దానికి కూతవేటు దూరంలో పారుతున్న ఏటి గురించి వ్రాద్దామనుకున్నాం.

మన రెండు జిల్లాలవాళ్ళకు ఏరు కొత్త కాదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, రెండూ ఇంచుమించు రెండువందల యాభై కిలోమీటర్లు పరుగెత్తి, ఒకటి కళ్ళేపల్లి దగ్గర, మరొకటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. సువర్ణముఖి, వేగావతి వచ్చి సంగం దగ్గర నాగావళిలో పడతాయి. విజయనగరం వైపు చంపావతి ఉంది. ఇవి గోదావరి, కృష్ణల వంటి పెద్ద నదులు కావు. గోదావరి వరద భద్రాచలం దగ్గర ఎంత ఉందో చూసి, రేపటికి ధవళేశ్వరం దగ్గర ఎంత వస్తుందో చెప్పవచ్చు. మన ఏళ్ళు అలా కాదు. కొండ నిట్టనిలువు, పరుగు తక్కువ. రాయగడ, గునుపురం వైపు రాత్రి కుండపోత పడితే, ఇక్కడ చుక్క వాన లేకపోయినా తెల్లారేసరికి ఏరు గట్టు తాకుతుంది. వాన ఒక రాష్ట్రంలో, వరద ఇంకో రాష్ట్రంలో. ఇంట్లో పడుకున్నవాడికి మబ్బు కూడా కనపడదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, వరదల విషయంలో సర్కారు పని ఎక్కడ మొదలవుతుందో సగం తెలిసినట్టే.

1876లో నాగావళి అలాగే వచ్చింది. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, దొరలు చికాకోల్ అని వ్రాసేవారు. ఆ వరదకు పట్టణంలో ఇళ్ళు కొట్టుకుపోవడమే కాక, ఏటి మీద కట్టిన వంతెన ఆర్చీలు కొన్ని కూలిపోయాయి. నేతగాళ్ళ ఊరు అది. చికాకోల్ మస్లిన్ అంటే దేశదేశాల్లో పేరు. ఇల్లు పోయినవాడు ఇల్లు కట్టుకుంటాడు, కాని మగ్గం పోయిన నేతగాడు ఏమి చేస్తాడు? ఆ రోజుల గెజిటీర్లలో వంతెనకు ఒక వాక్యం దక్కింది, మగ్గాలకు దక్కలేదు. సర్కారు లెక్కల్లో సర్కారు ఆస్తికే ముందు చోటు అనే రివాజు ఈనాటిది కాదన్నమాట.

దానికి పదేళ్ళ ముందు, 1866లో, ఒడిశా కరువు వచ్చింది. మొదట వాన లేక పంట పోయింది. తర్వాత అదే సంవత్సరం వరదలు వచ్చి మిగిలినది ముంచాయి. పది లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. గంజాం జిల్లా కూడా ఆ దెబ్బ తిన్నది. అప్పటి బెంగాలు లెఫ్టినెంట్ గవర్నరు సిసిల్ బీడన్ కటకం వచ్చి, బియ్యం ధర విషయంలో సర్కారు జోక్యం చేసుకుంటే తాను బందిపోటుతో సమానమవుతానన్న అర్థం వచ్చేలా మాట్లాడాడట. బియ్యం పంపాలని తెలుసుకునేసరికి వానకాలం వచ్చి, ఓడలు ఒడ్డు చేరలేని పరిస్థితి ఏర్పడింది. దాని మీద విచారణ జరిగింది, లండన్ పార్లమెంటులో మాటలు పడవలసి వచ్చింది. చివరకు 1880 నాటి కరువు కమిషను, ఆ తర్వాత కరువు కోడ్‌లు వచ్చాయి. ఆపదలో ప్రజల ప్రాణం కాపాడడం దొరగారి దయ కాదు, సర్కారు డ్యూటీ అనే మాట కాగితం మీదకు ఎక్కింది అప్పుడే. ఎక్కడానికి పది లక్షల మంది పోవలసి వచ్చింది.

ఇక హైదరాబాదు మూసీ సంగతికి వస్తాం. ఇది మా వ్యాసంలో ముఖ్యభాగం. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాం.

1908 సెప్టెంబరు 28, సోమవారం. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. అంతకు ముందు రెండు రోజుల నుంచీ వాన. ఒకటిన్నర రోజులో పదిహేడు అంగుళాల వరకు పడిందంటారు. మూసీకి ఎగువన చిన్నా పెద్దా కలిపి 788 చెరువులుండేవి. వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు గండి పడి కింది చెరువులోకి, ఆ చెరువు తెగి దాని కింది చెరువులోకి. పైమెట్టు జారితే కిందిమెట్టు మీద పడినట్టు ఈ నీళ్ళన్నీ ఒకేసారి నగరం మీదకు వచ్చాయి. లక్షల క్యూసెక్కుల నీరు. అఫ్జల్‌గంజ్‌లో మనిషి నిలువెత్తుకు రెండింతలు. అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయాయి. కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం నిలిచింది. పేట్లబురుజు దగ్గర కోట బురుజు ఎక్కి ప్రాణాలు దక్కాయనుకున్న జనం, బురుజుతో సహా ఏట్లో కలిసిపోయారు. మొత్తం పదిహేను వేల మంది పోయారని, పంతొమ్మిది వేల ఇళ్ళు కూలాయని, ఎనభై వేల మంది నిలువనీడ లేనివాళ్ళయ్యారని లెక్క చెబుతారు. నగరంలో నలుగురిలో ఒకరికి ఇల్లు లేదన్నమాట.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు. దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది బతికారు. తర్వాత అక్కడే ఉస్మానియా ఆసుపత్రి కట్టారు. చెట్టు అలాగే ఉంచారు. హైదరాబాదు వెళ్ళే మనవాళ్ళు చార్మినారు చూస్తారు, సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తారు, ఆ చెట్టును చూసినవాళ్ళు మాకు ఒకరిద్దరే తారసపడ్డారు.

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ పేరు మన పెద్దల్లో చాలామందికి తెలుసు. రుబాయీలకు ప్రసిద్ధుడు. ఆ వరదలో తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కళ్ళెదుటే పోయారు. ఆయనొక్కడే బతికి బయటపడ్డాడు. తర్వాత ఆ వరద మీద కవిత వ్రాశాడు. వైరాగ్యం, అల్లా మీద భరోసా ఆయన కవిత్వంలో అంత గాఢంగా ఎందుకున్నాయని అడిగేవారికి ఆ ఒక్క పొద్దు గురించి చెబితే చాలు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆ వేళ ఏమి చేశాడు? తన మహళ్ళ తలుపులు తెరిపించాడు. ఊరు నాలుగు పక్కలా వంటశాలలు పెట్టించాడు. హిందువులకు, ముస్లిములకు ఎవరి ఆచారం ప్రకారం వారికి వండించాడు. ఖజానా నుంచి సొమ్ము తీశాడు. మూసీ శాంతించాలని హిందువుల పద్ధతిలో ఏటికి హారతి ఇచ్చాడని కూడా నేటికీ చెప్పుకుంటారు. అది నిజమో, జనం ప్రేమకొద్దీ అల్లుకున్న కథో మేము తేల్చబోము. అల్లుకున్నదే అయినా, పాలకుడి గురించి జనం అటువంటి కథ అల్లుకున్నారంటే అందులో కొంత నిజం ఉండే ఉంటుంది. సరోజినీ నాయుడుగారు వీధి వీధీ తిరిగి బాధితులకు సేవ చేశారు. ఆ సేవకే ఆమెకు బ్రిటిషువారు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేసిన సంగతి అందరికీ తెలిసిందే.

సామాన్యంగా మన ఉపన్యాసకులు ఇక్కడితో ఆపేసి, నిజాం నవాబు దయాగుణాన్ని పొగిడి కూర్చుంటారు. మాకు మాత్రం అసలు విషయం ఇక్కడ మొదలవుతుందనిపిస్తుంది. వంటశాల ఎన్నాళ్ళు పెడతారు? నెల, రెండు నెలలు. మళ్ళీ వాన రాదా?

1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. బొంబాయి సర్కారు కొలువు అప్పుడే వదిలినవారాయన. ఆయన మూసీ ఎగువకు వెళ్ళి ఏ చెరువు ఎక్కడ తెగింది, ఎంత నీరు ఎటు వచ్చింది అని ఒక్కొక్కటీ కొలిపించి లెక్క వ్రాశారు. పైన మేమిచ్చిన చెరువుల సంఖ్య ఆయన లెక్కే. ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరద నీటిని అక్కడ ఆపి మెల్లగా వదలాలన్నారు. నగరంలో ఏటి గట్లు బాగుచేసి, గట్టుమీద ఇరుకు బస్తీలు సవరించాలన్నారు. 1911లో మహబూబ్ అలీఖాన్ చనిపోయాడు. కొత్త నిజాం వచ్చాడు. రాజు మారితే పాత రాజు పనులు మూలపడడం మన దేశంలో రివాజు. ఇక్కడ అలా జరగలేదు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద వచ్చిన పందొమ్మిదేళ్ళకు పని ముగిసింది. కనికరం పని కొద్ది నెలల్లో అయిపోయింది, బాధ్యత పనికి పందొమ్మిదేళ్ళు పట్టింది. ఆ జలాశయాలే తర్వాత దశాబ్దాలపాటు నగరానికి మంచినీళ్ళిచ్చాయి.

అదే నగరంలో 2020 అక్టోబరులో పాతబస్తీకి దక్షిణాన చెరువులు గండ్లు పడి కాలనీలకు కాలనీలే మునిగాయి, ప్రాణాలు పోయాయి. విశ్వేశ్వరయ్య లెక్కపెట్టినట్టు చెరువులు లెక్కపెట్టేవాళ్ళు ఆ మధ్యకాలంలో తగ్గారు, చెరువు శిఖం భూమిలో ప్లాట్లు వేసేవాళ్ళు పెరిగారు. కొన్నవాళ్ళలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. గల్ఫులో ఏళ్ళ తరబడి కష్టపడి పంపిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు నీళ్ళలో నిలబడితే, తప్పు కొన్నవాడిదా, అమ్మినవాడిదా, కాగితం మీద ముద్ర వేసినవాడిదా అని అడగాలా వద్దా?

తప్పు ఎవరిది అనే ప్రశ్న వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర వరదకు వంతెన దెబ్బతిని రైలు పడిపోయింది, వందకు పైగా చనిపోయారు. 1956 సెప్టెంబరు 2న మహబూబ్‌నగర్ దగ్గర మళ్ళీ అదే. మళ్ళీ వందకు పైగా. అప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు. రాజీనామా ఇచ్చారు. నెహ్రూగారు వద్దన్నారు. అదే నవంబరులో తమిళనాడు అరియలూరు దగ్గర వరదకు ఇంకో వంతెన పోయి నూట నలభై మందికి పైగా పోయారు. శాస్త్రిగారు మళ్ళీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూగారు ఒప్పుకున్నారు. శాస్త్రిగారి తప్పు ఉందని కాదు, ఇటువంటి విషయంలో ఒక ఆదర్శం ఉండాలని ఒప్పుకుంటున్నట్టు పార్లమెంటులో చెప్పారు.

ఆయన వంతెన కట్టలేదు, గేంగుమాను కాడు, వాన కురిపించలేదు. అయినా నా శాఖలో జరిగింది కాబట్టి నాది అన్నాడు. దీన్ని కొందరు వట్టి భావుకత అంటారు. ఒక మంత్రి ఇంటికి పోతే వంతెన బాగుపడుతుందా అని అడుగుతారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. రాజీనామాకంటే వానకాలంలో రాత్రిపూట పట్టాల వెంట గస్తీ తిరిగే మనిషి విలువైనవాడు. 2005 అక్టోబరులో వలిగొండ దగ్గర, చెరువు తెగిన నీటికి కట్ట కొట్టుకుపోయి, డెల్టా పాసింజరు పడి వందకు పైగా పోయారే! ఊరివాళ్ళకు తెలిసిన చెరువు గండి, రైలు నడిపేవాడికి తెలియలేదు. ఏభై ఏళ్ళయినా అదే లోటు. అయితే పైనున్నవాడు నాది అన్నచోటే కిందివాడు గస్తీకి సరిగ్గా వెళతాడని మా నమ్మకం.

1977 నవంబరు 19, శనివారం, దివిసీమ. ఆనాటి సంగతి మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తే. మన జిల్లాలు తప్పించుకున్నాయి. కృష్ణా గుంటూరు జిల్లాలు బలయ్యాయి. సముద్రం తాటిచెట్టు ఎత్తున లేచి లోపలికి వచ్చేసిందని బతికినవాళ్ళు చెప్పారు. సొర్లగొంది, హంసలదీవి వంటి ఊళ్ళలో ఏడవడానికి మనుషులు మిగలలేదు. సర్కారు లెక్కే పదివేల దగ్గర ఉంది, ఊళ్ళోవాళ్ళ లెక్క ఇంకా ఎక్కువ. రేడియోలో హెచ్చరిక రాలేదా అంటే వచ్చింది. కాని తుపాను ఎటు తిరుగుతుందో గట్టిగా చెప్పగల సాధనాలు ఆనాడు లేవు. చెప్పిన ఆ మాటైనా రేడియో లేని పల్లెకు, వేటకు పోయిన పడవకు చేరలేదు. చేరినా ఎక్కడికి పోవాలి? పక్కా కట్టడమే లేని ఊళ్ళు అవి.

అప్పుడు చూపిన కనికరం మాత్రం మరువరానిది. స్థానికుడైన మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు అక్కడే మకాం వేసి, శవాల ఖననం మొదలుకొని ఇళ్ళు కట్టించడం దాకా తన మీద వేసుకున్నారు. రామారావు, నాగేశ్వరరావు గార్లు జోలె పట్టి ఊరూరా తిరిగారు. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణా మిషనువారు, క్రైస్తవ సంస్థలు, ముస్లిం సంస్థలు, విద్యార్థులు, ఎవరికి తోచినంత వారు చేశారు. శవం ఏ మతస్థుడిదో చూసి పాతిపెట్టే తీరిక ఎవరికీ లేదు.

దాని తర్వాత కోస్తా పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక పద్ధతి మార్చారు. ఫలితం 1990 మే నెలలో తెలిసింది. మచిలీపట్నం ప్రాంతంలోనే ఇంచుమించు అంతటి తుపానే వచ్చింది. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. వెయ్యి చిన్న సంఖ్య కాదు, కాని పదివేలు కాదు గదా. ఆ తొమ్మిది వేల చిల్లర ప్రాణాలు ఏ దాత దానంతోనూ దక్కలేదు, ముందురోజు సాయంత్రం పల్లె పల్లెకు వెళ్ళి ‘లేవండి, బండెక్కండి’ అని బతిమాలి, కసిరి, ఎక్కించిన గుమాస్తాల వల్ల, కానిస్టేబుళ్ళ వల్ల దక్కాయి. వాళ్ళ ఫోటోలు ఏ పత్రికలోనూ పడలేదు. అయితే ఇదంతా నేర్చేసుకున్నాం అనుకునేలోగా 1996 నవంబరులో కోనసీమ తుపాను వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకుంది.

ఇంక మన ఇంటి సంగతి. 1980 సెప్టెంబరులో వంశధార పైన గునుపురం ప్రాంతాన్ని ముంచి, కింద మన పల్లెల మీద పడింది. అది చూసినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. ఆ తర్వాత పెద్దదెబ్బలు రెండు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరాన్ని చెల్లాచెదురు చేసింది. సరిగ్గా నాలుగేళ్ళకు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఈ పేర్ల గురించి ఒక మాట. హుద్‌హుద్ పేరు ఒమాన్ దేశం పెట్టింది. సులేమాన్ ప్రవక్తకు దూరదేశపు వార్త తెచ్చిన పిట్ట పేరది, ఖుర్ఆన్‌లో ఉంది. తిత్లీ పేరు పాకిస్తాన్ ఇచ్చినది. సీతాకోకచిలుక అని మన పిల్లలకు చెప్పనక్కరలేదు. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేరుతో సహా పడి ఉన్న తోటలో నిలబడి, ‘దీని పేరు సీతాకోకచిలుకట’ అని చెబితే ఒక పెద్దాయన మమ్మల్ని చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

వార్త తెచ్చే పిట్ట ఆ రెండుసార్లూ బాగానే వచ్చింది. వాతావరణ శాఖవారు రోజుల ముందే చెప్పారు. తిత్లీకి మన జిల్లాలో పోయిన ప్రాణాలు పదీ పన్నెండు దాటలేదు. సరిహద్దుకు అవతల ఒడిశాలో డెబ్బైకి పైగా పోయాయి. అందులో చాలా భాగం గాలికి కాదు, గజపతి జిల్లా కొండల్లో వరదకు, విరిగిపడ్డ కొండచరియలకు. గుహలో తలదాచుకున్న గిరిజనుల మీద చరియ పడింది. తీరం మీద గాలి వస్తుందని చెప్పారు, కొండమీద నీళ్ళు ఏమి చేస్తాయో వాళ్ళకు ఎవరు చెప్పారు? ఆ నీళ్ళే బాహుదా, మహేంద్రతనయ, వంశధారల్లో మన మీదకు వచ్చాయి. కాబట్టి మన ఏటి హెచ్చరిక ఒడిశా కొండమీద వాన కొలిచే డబ్బాతో మొదలుకావాలి. వంశధార నీళ్ళ పంపకం కోసం రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ దాకా వెళ్ళి 2017లో తీర్పు తెచ్చుకున్నాయి. నీళ్ళు తక్కువైనప్పుడు ఎంత పట్టుదలగా లెక్కలు అడుగుతామో, ఎక్కువైనప్పుడు కూడా అంతే పట్టుదలగా అడగాలని మా మనవి.

తిత్లీ నాడు మన సొసైటీ తరఫున మేము కొందరం ఉద్దానం వెళ్ళాం. అదే ఆగస్టులో కేరళ వరదలకు చందాలు పోగుచేసి పంపిన అనుభవం ఉంది, కాబట్టి మాకు అన్నీ తెలుసుననుకున్నాం. జుమ్మా రోజు ప్రకటన చేయగానే సాయంత్రానికి బట్టల మూటలు గుట్ట పడ్డాయి. రెండు వ్యానులు నింపుకుని బయల్దేరాం. హైవే మీద చెట్లు ఇంకా తీస్తున్నారు. కరెంటు స్తంభాలు మైళ్ళ కొద్దీ వరసగా పడుకుని ఉన్నాయి. వేరే జిల్లాల నుంచి వచ్చిన కరెంటు శాఖ కూలీలు అన్నం కూడా స్తంభం పక్కనే తింటున్నారు. ముఖ్యమంత్రిగారు పలాసలోనే మకాం పెట్టి ఉన్నారు. ఇంతమంది ఉండగా జనం రోడ్డు మీద ఖాళీ బిందెలు పెట్టి కూర్చున్నారు. కరెంటు లేదు, మోటారు లేదు, మంచినీళ్ళు లేవు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో లోకానికంతా తెలుసు. అటువంటి చోట మంచినీళ్ళు రెండు రోజులు ఆగడం అంటే మామూలు మాట కాదు.

మేము తెచ్చినవి బట్టలు. అందులో పెళ్ళి షేర్వానీ ఒకటి, పిల్లల ఊలు టోపీలు ఒక సంచెడు. ఒక కౌలురైతు ఇల్లాలు మా వ్యాను దగ్గరకు వచ్చి మూట తిప్పి చూసి, ‘గుడ్డలేటి సేసుకుంటాం బాబూ! మా సెట్లు లెక్క రాసుకోడానికి ఎవులొస్తారో సెప్పండి’ అంది. సిగ్గుతో తలవంచుకున్నాం. టార్పాలిన్, తాడు, లాంతరు, కొవ్వొత్తులు, నీళ్ళలో వేసే బిళ్ళలు, ఇవి కావాలని అడిగి తెలుసుకున్నాక రెండోసారి తీసుకెళ్ళాం. అక్కడి కుర్రాళ్ళే పంచారు. ఎవరింట్లో ముసలివాళ్ళున్నారో, ఎవరింట్లో చంటిబిడ్డ ఉందో వాళ్ళకు తెలుసు, మాకు తెలియదు.

ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేకపోయింది. పడిన చెట్టుకు ఇంత అని సర్కారు పరిహారం ప్రకటించింది. చెట్టు నీళ్ళు పోసి పెంచింది ఆమె, పట్టా మాత్రం పట్నంలో ఉన్న ఆసామీది. లెక్క వ్రాసేవాడు పట్టా చూసి వ్రాస్తాడు. పేరు లేదని వాళ్ళ కుటుంబం కాగితం పట్టుకుని ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగింది. అక్కడి గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, ‘నా చేతుల్లో లేదమ్మా’ అన్నాడు. ఎవరి చేతుల్లో ఉందో ఆయనకూ తెలిసినట్టు లేదు.

2004 సునామీ తర్వాత 2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. జిల్లాకు కలెక్టరుగారి అధ్యక్షతన ఒక సంస్థ ఉండాలి. ప్లాను ముందే వ్రాసి పెట్టుకోవాలి. ఆశ్రయం, తిండి, నీళ్ళు, వైద్యం, మరుగుదొడ్డి, ఇవి కనీసం ఇంత ఉండాలని ప్రమాణాలు నిర్ణయించాలి. అంటే శిబిరంలో పెట్టే అన్నం ఎవరి దయా కాదు, చట్టం. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? వరద వచ్చినప్పుడు సర్కారును మనం దాతను అడిగినట్టు చేతులు జోడించి అడుగుతాం. చందా ఇచ్చినవాణ్ణి మాత్రం ‘ఇంతేనా’ అని నిలదీస్తాం. రెండూ తలకిందులుగా ఉన్నాయి.

అయితే జనం చెయ్యవలసింది లేదని మా భావం కాదు. మొదటి రాత్రి సర్కారు రాలేదు, రాలేదు కూడా. రోడ్డు తెగి ఉంటుంది. ఆ రాత్రి పక్కింటివాడే సర్కారు. కేరళలో వేలమందిని పడవల్లో ఎక్కించుకుని వచ్చింది జాలరులే. వాళ్ళ పడవలను లారీల మీద ఊళ్ళోకి తెచ్చారు. మన తీరంలోనూ పడవలున్నాయి, ఈత వచ్చిన కుర్రాళ్ళున్నారు, మన మసీదుల్లో మైకులున్నాయి. ఏరు వస్తోందని అర్ధరాత్రి మైకులో చెబితే ఏ కులంవాడైనా లేచి గట్టెక్కుతాడు. విజయనగరం బాబామెట్ట దర్గాలో అన్నదానానికి కూర్చునేవాణ్ణి నీ మతం ఏమిటని అడగరు గదా, అదీ అంతే.

తిత్లీ తర్వాత మన కార్యవర్గం రెండు పనులు చేసింది. సొసైటీ గదిలో టార్పాలిన్లు, తాళ్ళు, లాంతర్లు ఒక బీరువాలో పెట్టించింది. రెండవది, మన సభ్యుల్లో రిటైరైన గుమాస్తాలు, బడిపంతుళ్ళు కొందరు ఉద్దానం వెళ్ళి, పరిహారం జాబితాలో పేరు లేనివాళ్ళకు అర్జీలు వ్రాసిపెట్టారు. కులం, మతం అడగలేదు. అర్జీ ఎలా వ్రాయాలో తెలిసిన ముసలివాడు నలుగురు వాలంటీర్ల పెట్టు అని అప్పుడు తెలిసింది. కొన్నిటికి సొమ్ము వచ్చింది, కొన్నిటికి ‘పరిశీలనలో ఉన్నది’ అనే జవాబు వచ్చింది.

ఆ ఇల్లాలి అర్జీ రెండో రకంలోనే ఉండిపోయింది. చివరకు పట్టాదారు తనకు వచ్చినదాంట్లో కొంత ఆమె చేతిలో పెట్టాడు. పెట్టనక్కరలేదని అతనికి తెలుసు, అయినా పెట్టాడు. దానితో వాళ్ళు అదే తోటలో మళ్ళీ మొక్కలు వేశారు. కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఈమధ్య అటు వెళ్ళి వచ్చిన మన సభ్యుడొకరు, ముందు వరసలో చెట్లు గెల వేశాయని, కౌలు కాగితం మాత్రం ఇంకా ఆమె ఇంటివాళ్ళ పేరు మీద లేదని చెప్పారు.